ఫ్లెక్సీ మీద మనవరాలు

మిడిల్ పాయింట్ బజారులో చేపలమ్మే అసిరమ్మకు కత్తిపీట కన్నా నోరే పదును. ఏ ప్రైవేటు స్కూలుకు ఎన్ని మెడికల్ సీట్లొచ్చాయో వాదించుకునే తల్లిదండ్రులకు రోజూ చేపలు కోసిస్తుంది. ఆ ఉదయం ఎదురుగా కొత్త ఫ్లెక్సీ కట్టారు. సీటు తెచ్చామంటూ అందులో ఆమె మనవరాలు అమ్మడి ఫొటో! ఈ పిల్ల ఉంటే రిజల్టు పడిపోతుందని పదకొండో తరగతిలో టీసీ ఇచ్చి గెంటేసిన స్కూలే అది. అమ్మడు వేరే స్కూల్లో చదివి సీటు సంపాదించింది. అసిరమ్మ చేపల కత్తితో లేచింది.

"దీదీ, అది స్కూలోళ్లది!" ఫ్లెక్సీ కట్టినవాడు అడ్డొచ్చాడు.

"ఫ్లెక్సీ ఆళ్లది. గుంట నాది. గెంటీసినోళ్లకి దాని బొమ్మెందుకు? హటో భయ్యా!"

తాళ్లు తెంచి ఫ్లెక్సీని కిందికి లాగింది. మనవరాలి ఫొటో మేరకు కోసుకుని బొడ్లో దోపుకుంది. మిగిలిన స్కూలు పేరు మీద చేపలు పోసి, పొలుసు గీకసాగింది.