సాంబ్రాణి మరిగిన పెట్టె

తిరుత్తణి బజారులో నాది కోవా అంగడి. ఊత్తుకోటలో పాలు విరిగితే ఇక్కడ కూర్చునే వాసన పట్టేస్తానని చెప్పుకునేవాడిని. జలుబు చేస్తే మాత్రం కాస్త ఇవతలున్న మణవాళనగర్ దాకానే.

ఈ కోతలు భరించలేక, తిరువళ్ళూరు దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే మా బావ అగ్గిపెట్టెంత పెట్టె చేసి తెచ్చాడు. లోపల గోరంత చిప్పు, చిన్న బ్యాటరీ. నెట్ అక్కర్లేదు. క్యాను మూతి దగ్గర పెడితే మంచి పాలకు పచ్చ లైటు, చెడిన పాలకు ఎర్ర లైటు.

"ముందు మంచివీ చెడినవీ వాసన చూపించి నువ్వే నేర్పించల్ల. తేడా అదే పట్టుకుంటాది" అన్నాడు.

శుక్రవారం పొద్దున అంగట్లో సాంబ్రాణి వేసి తాజా పాలు పొంగించడం మా అలవాటు. మంచి పాలు అప్పుడే చూపించాను. చెడినవి మిగతా రోజుల్లో, తీరిక దొరికినప్పుడు. బావ ఆ వాసనలన్నీ చిప్పులోకి ఎక్కించాడు. నా ముక్కుకు వారసుడు పుట్టాడని బజారంతా చాటాను.

నాకు పాలు పోసేది ఆర్.కె.పేట వైపునుంచి వచ్చే ఒకే ఒక్క అక్క. సోమవారం ఆమె క్యానుకు ఎర్ర లైటు. మంగళవారం ఎర్ర. బుధవారమూ ఎర్రే. పాలు బాగున్నాయని నా ముక్కు చెబుతూనే ఉంది. అంత చాటిన నోటితో పెట్టె తప్పని ఎలా అనేది? మూడు రోజులూ పాలు తిప్పి పంపాను.

"రెండావుల మింద బతుకుతాండాం అన్నా. చెడిన పాలు పోస్తానని పేరొస్తే ఇంకెవురు కొంటారు?"

"నేనన్లేదక్కా, పెట్టె అంటాంది."

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

శుక్రవారం సాంబ్రాణి పొగలో ఆమె రెండు క్యాన్లతో వచ్చింది. మొదటిదానికి పచ్చ లైటు. ఆమె లోటా నిండా వంచి, నలుగురు బేరగాళ్ళ ముందు నా చేతికిచ్చింది.

"నీ పెట్టె బాగుందంటాందే. తాగన్నా."

ముక్కు వద్దంటున్నా తాగాను. పులుపు, చేదు, గొంతులో తీగలా సాగే జిగట. కాలవ దగ్గరికి పరిగెత్తి కక్కుకున్నాను.

"బుధవారం నువ్వు తిప్పి పంపిన పాలే. నేర్పించిన శుక్రవారాలన్నీ పోసింది నేనే గదా, చూస్తానే ఉంటిని. అది నేర్చుకునింది పాల వాసన కాదు, సాంబ్రాణి వాసన. ఇప్పుడు చెప్పు, తప్పు యాడుందో."

"అక్క పాలు మంచివే. తప్పు నాది" అన్నాను, మూతి తుడుచుకుంటూ.

నలుగురూ నవ్వారు. అది కూడా నా కోతే అనుకున్నారు.

రెండో క్యానులో ఆ పొద్దు పితికిన పాలున్నాయి. ఇంకో లోటా వంచుకుని, వాళ్ళ కళ్ళముందే తాగి నిలబడ్డాను. కడుపులో నిలిచాయి.

"మా ఇంటికి అర లీటరు పొయ్యక్కా" అన్నాడొకాయన, నావైపు చూడకుండా.