మచ్చ పడిందా, సూదత్తా?

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. ముప్పై మూడేళ్లుగా ఆ పేటలో పుట్టిన ప్రతి బిడ్డకీ టీకాలు వేసిన నర్సు ఆమే. ముందు పిల్లలు, తర్వాత తల్లులు, ఆఖరికి ఆస్పత్రి డాక్టరమ్మ కూడా ఆమెను సూదత్త అనే పిలిచారు. మీసాలొచ్చి పెళ్లిళ్లయిన మగాళ్లు సైతం ఆమె ఎదురొస్తే తెలియకుండానే ఎడమ జబ్బ తడుముకునేవారు.

బుధవారం టీకాల రోజు. పొద్దున్నే నీలం డబ్బా మూత తీసి, మందు సీసాలు ఒక్కొక్కటే వెలుతురుకి పట్టుకుని చూస్తుంది. సీసా మీద గుండ్రటి మచ్చలో చిన్న గడి ఉంటుంది. గడి ఇంకా తెల్లగా ఉంటే మందుకు ఎండదెబ్బ తగలనట్టు. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు పాత రోజులే గుర్తొస్తాయి. అప్పుడు ఈ గడులెక్కడివి? గాజు సిరంజీలు గిన్నెలో కుతకుత ఉడికేవి. కిరసనాయిలు స్టవ్వు వాసన, వేడి లోహం వాసన కలిసి గదంతా అలుముకునేవి. మొండిబారిన సూదిని రాయి మీద నూరి, దూది మీద గీసి చూసేది. దూది చిక్కుకుంటే మళ్లీ నూరడమే. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి ఇద్దరు పట్టుకుంటే మూడోవాళ్లు పొడవాలి. ఇప్పుడు ఐదు జబ్బులకి ఒకే సూది, అదీ తల్లి ఒళ్లో పాలు తాగుతుండగానే. అలా అయితే నొప్పి తక్కువట. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు, "ఇన్నేళ్లూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదేంటమ్మా, ఎంతమందిని ఏడిపించానో" అని డాక్టరమ్మ ముందే కళ్లు తుడుచుకుంది.

ఆ రోజుల్లోనే ఓ పెద్ద నర్సు ఆమెకో మాట నేర్పింది. పుట్టగానే ఎడమ జబ్బకి వేసే క్షయ టీకా గురించి. "మచ్చ పడితేనే మందు పట్టినట్టు." సూదత్త ఆ మాటను ఎక్కంలా వల్లించి, పేటంతా వల్లింపజేసింది. కుళాయి దగ్గర తల్లులు బిడ్డల జబ్బలు పక్కపక్కన పెట్టి చూసుకునేవారు. మచ్చ లేని బిడ్డ తల్లి ముఖం చిన్నబుచ్చుకుని మళ్లీ ఆస్పత్రికి వచ్చేది. సూదత్త రెండోసారి వేసేది.

కొన్నేళ్ల తర్వాత ఓ శిక్షణలో, మచ్చ పడకపోయినా మళ్లీ వేయనక్కర్లేదని చెప్పారు. ఆమె పుస్తకంలో రాసుకుంది, ఆ రోజు నుంచీ వేయడం మానేసింది. కానీ పాత మాట తప్పని మాత్రం ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకి చెబుదాంలే అనుకుంది. అడిగేదెవరు? అందరికీ తెలిసిందేగా, ఆమె చెప్పిందేగా.

అడగడానికి ఓ బుధవారం బొత్తాలమ్మ వచ్చింది. దారాలూ బొత్తాలూ అమ్మే కొట్టు ఆమెది. వెనకాల కోడలు, కోడలి భుజాన మూడున్నర నెలల పాప. ఆ రోజు పాపకు మూడో విడత టీకాలు పడాలి.

"వదినా, ఇది చూడు," అంటూ పాప చొక్కా పైకి లాగింది బొత్తాలమ్మ. "నున్నగా ఉంది. పుట్టినప్పుడు వేసింది పట్టలేదు. ముందు అది మళ్లీ వెయ్యి, తర్వాతే మిగతావి."

"అది మళ్లీ వేయక్కర్లేదు వదినా. ఇవాళ్టివి వేయించుకుని వెళ్లు."

"పట్టని ఒంటికి ఇంకో మందు పోస్తే ఏం లాభం? చిల్లు కుండలో నీళ్లేగా! వెయ్యనంటే చెప్పు, పోతాం." బొత్తాలమ్మ అప్పుడే సంచీ భుజానికెత్తింది.

కోడలు గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. "నేను ఫోన్లో చదివానత్తయ్యా, మచ్చ లేకపోయినా..."

"ఫోనా పిల్లలకి సూదులు వేసింది? ఈవిడ వేసింది. ఈవిడే చెప్పింది."

"ఇద్దరత్తల మధ్య నన్ను నలపకండి," అంది కోడలు, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో.

బల్లల మీద పదిమంది తల్లులున్నారు. అందరూ ఇటే చూస్తున్నారు. కొత్త రూల్సొచ్చాయి, పైనుంచి చెప్పారు, అని తప్పించుకోవడం సూదత్తకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పాప మందు లేకుండా గుమ్మం దాటిపోతోంది.

"నేను చెప్పింది తప్పు వదినా," అంది. "మచ్చ లేకపోయినా మందు పనిచేస్తుంది. ఆ సంగతి తెలిసి చాలా ఏళ్లయింది. పాత మాట తప్పని మీకెవరికీ చెప్పలేదు. సిగ్గేసింది."

బొత్తాలమ్మ సంచీ దించలేదు. "మరి మావాడికి రెండోసారి వేశావే?"

"వేశాను. అక్కర్లేకుండానే వేశాను."

"చెయ్యి వాచి నెలరోజులు చీము కారింది. ఆ సూదికి బయల్దేరుతుంటే 'ఒకసారి పొడిచింది చాలదా, పిల్లాణ్ణి చంపుతావా' అని మా అత్త తలుపుకడ్డం నిలబడింది. నెట్టుకుని వచ్చాను వదినా, నీ మాట మీద. నా బతుకులో మా అత్తకి ఎదురు తిరిగింది ఆ ఒక్కరోజే. అదంతా దండగేనా?"

సూదత్తకు ఆ రోజు కళ్లముందు కదిలింది. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చిన పాతికేళ్ల పిల్ల, కొంగులో చుట్టిన బిడ్డ.

"సూది దండగ వదినా. నువ్వు ఎదురు తిరగడం దండగ కాదు. ఆ రోజు నువ్వు రాకపోతే ఆ తర్వాత తట్టు టీకాకి మాత్రం మీ అత్త రానిచ్చేదా?"

బొత్తాలమ్మ పాప నున్నటి జబ్బను వేలితో నిమిరింది. తర్వాత సంచీ బల్ల మీద పడేసి కోడలితో, "కూర్చోవే, పాలు పట్టు. అలాగైతే నొప్పి తెలీదట. మా కాలంలో ఈ సుఖమేదీ," అంది. పాప ఒక్కసారి కెవ్వుమని మళ్లీ పాలల్లో పడిపోయింది.

వెళ్తూ వెళ్తూ బొత్తాలమ్మ బల్లల వైపు తిరిగి, "విన్నారుగా? మచ్చ లేకపోయినా ఏం కాదు. సూదత్త చెప్పింది," అని చాటింపేసింది. ఆ మాట కొట్టుకి, కొట్టు నుంచి కుళాయికి పాకింది.

పై బుధవారం ఓ తల్లి బెదురుతూ వచ్చి బిడ్డ జబ్బ చూపించింది. చక్కటి గుండ్రటి మచ్చ.

"మావాడికి మచ్చ పడిపోయిందత్తా. పడకూడదటగా? ఇప్పుడేం చెయ్యాలి?"

సూదత్త నెత్తి కొట్టుకుని, ఆ తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.