నలభై ఒక్క మూరలు

మా నాన్న చేని సరిహద్దు కాగితం ఏ మూటలో ఉందో అడిగి రమ్మని మొన్న కల్లూరుకు మనిషిని పంపాను. కాగితం సంగతి తేలలేదు. రిటైరై అక్కడుంటున్న మామ పోయాడన్న కబురు మాత్రం వచ్చింది. విన్నప్పుడు నేను మొదట అనుకున్నది "అయ్యో పాపం" కాదు, "ఒక్క వారం ఆగకూడదా" అని. ఆయనకు నాకంటే ఎక్కువ ద్రోహం చేసినవాడు లేడు కనుక, ఈ నాలుగు మాటలూ నేనే రాయాలి.

ఆయన మా ఆఫీసులో రికార్డు గది చూసే గుమాస్తా. అందరం మామా అనేవాళ్లం. నేను మూడో ఫారం తప్పిన బంట్రోతును. ఆయన పొడుం డబ్బీలో ఒకసారి కారం కలిపాను. తుమ్మి తుమ్మి, కళ్లు తుడుచుకుని, "ఈ తూరి గుంటూరు కాయ ఏసినావే, మన కాయ చాలదా?" అన్నాడు. ఆ మనిషికి కోపం రాదు. నా మంటంతా అదే.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో గుమాస్తాలు డేరాల్లో కూర్చుని ఎండకు మాడేవారు. మా ఆఫీసరు మామను పిలిచి, నాలుగు రోజుల్లో వాళ్లకు రికార్డు గదిలో చోటు చేయకపోతే ఎక్కడో దూరాన ఉన్న కోసిగికి మారుస్తానన్నాడు. మామ భార్య మంచం పట్టి ఉంది. ఆమెను వదిలి ఆయన ఎక్కడికీ పోలేడు.

గది కరువు కాగితాలతో నిండిందని అందరి నమ్మకం. మన సీమలో దేనికైనా కరువునే తిడతాం. మామ మాత్రం నులక తాడు తెచ్చి ఒక కొస నా చేతిలో పెట్టాడు. మూటల వరసలన్నీ కొలిచి, ఒక్కో అర పైచెక్క మీద సుద్దతో రాసుకుంటూ పోయాడు.

"నోటితో అంటే కాదప్పా, కొలవల్ల. చిన్నవాటి జోలికి పోవద్దు. శానా చోటు తింటాండే దాంట్లోకి దూరల్ల."

కరువు కాగితాలు పదకొండు మూరలు. భూమి కాగితాలు ముప్పై. వెనక గోడ పొడుగునా ఉన్నవి నలభై ఒక్క మూరలు. అందులో ఒక మూట విప్పి చూసి, ఆయన దాని పక్కదీ విప్పాడు.

అవి ఆయన జాబితాలే. ఏ కాగితం ఎక్కడుందో తెలిపే జాబితాను ప్రతి జూలైలో, రెవెన్యూ ఏడు మారగానే, ముత్యాల్లాంటి అక్షరాలతో మొదటి నుంచీ తిరగరాసేవాడు. పాతదాన్ని ఎర్రగుడ్డలో కట్టి దాచేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఇదే పని. గదిని నింపింది గదిని కాచినవాడే.

"ఎవురితోనూ అనగాకప్పా," అన్నాడు. "ఈ ఏటిది ఒకటి పెట్టుకొని తక్కినవి నేనే తీసేస్తా."

సరే మామా అన్నాను. కాఫీ వేళకు ఆఫీసంతా చెప్పేశాను. తాడు పట్టుకుని ఆయన నడక నడిచి చూపించాను కూడా. ఆఫీసరు కడుపు పట్టుకుని నవ్వి, జాబితా అన్నది ఒక్కటి మిగలకుండా కాల్చమన్నాడు. ఈ ఏటిది ఉంచమని మామ చేతులు కట్టుకుని అడిగాడు. అది పిల్లలు పెట్టదా అన్నాడు ఆఫీసరు. అందరికంటే ముందు నవ్వింది నేను.

పెరట్లో అగ్గిపుల్ల గీసిందీ నేనే. మామ ఒక్కో కట్టా తెచ్చి అందించాడు. చివరిది అందించి, నా వైపు చూడకుండానే అన్నాడు:

"నవ్వితే నవ్వినావులే. ఆ తాడు మాత్రం చుట్టి పెట్టు. మళ్లా నిండుతాది."

కోసిగి తప్పింది. ఇరవై ఎనిమిదిసార్లు రాసిన చెయ్యి కదా, ఆ తర్వాత ఎవరు ఏ కాగితం అడిగినా కూర్చున్న చోటి నుంచే చెప్పేవాడు. మూడో అర, ఎడమ నుంచి ఏడో మూట. రిటైరయ్యాక కూడా కల్లూరుకు మనిషిని పంపితే జవాబు వచ్చేది. అందుకే కొత్త జాబితా రాయాలని ఎవరికీ తోచలేదు.

మా పక్క చేనాయన గట్టు జరిపాడు. సోమవారం విచారణ. రికార్డు గదిలో మొదటి మూట నుంచి ఒక్కొక్కటీ విప్పుతున్నాను, మామ తాడునే ముక్కలు చేసి మళ్లీ కడుతున్నాను. వెనక గోడకు కొత్త గుమాస్తాల గొడుగులు వేలాడుతున్నాయి. వాటి పైన చెక్క మీద సుద్ద రాత ఇంకా చెరగలేదు. నలభై ఒకటి. ముత్యంలా ఉంది.