నాలుగు రోజుల సంచీ

మా అమ్మాయి ఈ జూలైలో జబల్‌పూర్ యూనివర్సిటీ హాస్టల్లో చేరబోతోంది. పోయిన ఆదివారం వాళ్ల నాన్న సదర్ బజార్ నుంచి చక్రాల సూట్‌కేసు ఒకటి కొనుక్కొచ్చారు. రాయపూర్ దేవేంద్ర నగర్‌లోని మా ఇంటి హాల్లో దాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిపించి చూస్తుంటే ముచ్చటేసింది. కుక్కపిల్లలాగా చెప్పినచోటికల్లా వెంట వస్తోంది. అందులో ఏమేం పెట్టాలన్న దాని మీద ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. మావారు మందుల పార్టీ. అమ్మాయి బట్టల పార్టీ. నాది పచ్చళ్ల పార్టీ అని వాళ్లే తేల్చేశారు. "మమ్మీ, నీ టైమ్‌లో హాస్టల్‌కి ఏం తీసుకెళ్లావు?" అని అమ్మాయి అడిగింది. నాకు నవ్వాగలేదు. నేను పట్టుకెళ్లిన సామాను గురించి చెప్పాలంటే ముందు మా నాన్న పెట్టె గురించి చెప్పాలి, ఆ తర్వాత మా నానమ్మ సంచీ గురించి చెప్పాలి.

నాన్న రాయపూర్‌లో గూడ్సు గార్డు. గార్డు అన్నవాడికి భార్యాపిల్లల తర్వాత అంతటిది లైన్ బాక్సు. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిలాంతరు, ప్రమాదం వస్తే పట్టాల మీద పెట్టే టపాకాయలు, దెబ్బలకి కట్టే గుడ్డలు, తన టిఫిను, దుప్పటి, అన్నీ ఆ ఇనప్పెట్టెలోనే. మూత మీద తెల్ల రంగుతో పేరు రాసుంటుంది. డ్యూటీ ఎక్కేటప్పుడు దాన్ని గార్డు మోయడు. స్టేషన్లో పెట్టెలు మోసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లే దాన్ని ఎత్తి బండి చివరున్న బ్రేక్ వ్యాన్‌లో పెడతారు, బండి దిగాక వాళ్లే దించుతారు. నాన్న తన సర్వీసు మొత్తంలో ఆ పెట్టెను స్వయంగా ఎత్తిన పాపాన పోలేదు. ఇంట్లో చెంబు కూడా ఎత్తేవాడు కాదని అమ్మ అనేది, అది వేరే సంగతి.

నేను డెబ్భైల మొదట్లో రాయపూర్‌లో హయ్యర్ సెకండరీ ప్యాసయ్యాక నాకు విశాఖపట్నం యూనివర్సిటీలో ఫార్మసీ సీటొచ్చింది. మా రైల్వే కాలనీలో ఆడపిల్ల ఊరు దాటి హాస్టల్లో ఉండి చదవడం అప్పటికి ఎరగరు. చదువంటే సైకిలు మీద పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేదే. నాన్న సంతోషపడ్డాడు, అమ్మ భయపడింది, నానమ్మ మాత్రం అన్నం మానేసింది. అంటే మా ముందు మానేసింది. శ్రీకాకుళం నుంచి కొడుకు ఉద్యోగం వెంట ఇంతదూరం వచ్చి, పాతికేళ్లున్నా "ఇక్కడి బియ్యం వేరు, ఇక్కడి గాలి వేరు" అని దెప్పుతూ ఉన్న మనిషి, తీరా నేను ఆవిడ దేశానికే వెళ్తానంటే వద్దంది. మూడు రోజుల తర్వాత రాజీ కుదిరింది. "ఎల్లనీ. నాలుగు దినాలకి తిరిగొచ్చెస్తాది. వొచ్చిందంటే మరి గడప దాటనివ్వకు. ఇక్కడే సదవాల. మాటియ్యి" అంది. నాన్న మాటిచ్చేశాడు. మా నాన్న ఇచ్చిన మాట తప్పే రకం కాదు. అదే నా భయం. ఒక్కసారి ఇల్లు గుర్తొచ్చి వెనక్కి తిరిగానా, ఫార్మసీ చదువు అంతటితో సరి.

అందుకే నేను తిరిగి రావలసిన అవసరమే రాకుండా సామాను సర్దాలని అమ్మ, నాన్న పట్టుబట్టారు. నాన్న తన పాత లైన్ బాక్సు తీశాడు. కొత్తది వచ్చాక అది మా వరండాలో బొగ్గులకి వాడుతున్నాం. దాన్ని కడిగి, నల్లరంగు వేసి, మూత మీద చెరిగిపోయిన తన పేరు మళ్లీ తెల్లగా దిద్దాడు. నా పేరు రాయమన్నాను. "నా పేరుంటే లైన్లో ఎవడూ ముట్టుకోడు" అన్నాడు. ఆ మాట ఎంత తప్పో తర్వాత తెలిసింది. తాళం పెట్టమంటే అదీ ఒప్పుకోలేదు. గార్డు పెట్టెకి తాళమేస్తే అవసరానికి జెండా ఎవరు తీస్తారని ఆయన వాదన. హాస్టల్లో జెండాతో ఏం పని అని అడిగితే, "అవసరం చెప్పి వస్తుందా?" అంటూ నిజంగానే ఒక టార్చి, ఒక ఈల, గుడ్డముక్కలు, టింక్చరు సీసా అందులో పెట్టాడు. అమ్మ మిగతా జాగా మొత్తం ఆక్రమించింది. ఆవకాయ, మాగాయ, కందిపొడి, ఇంగువ, డబ్బానిండా జంతికలు, దోమతెర, పరుపుచుట్ట, గిన్నెలు, గ్లాసులు, ఆఖరికి చింతపండు ఉండ కూడా. ఆంధ్రదేశానికి వెళ్లే పిల్లకి ఆవకాయ ఎందుకని పక్కింటి బిలాస్‌పూర్ ఆవిడ అడిగితే అమ్మ చిన్నబుచ్చుకుంది. తొక్కి మూతేస్తేగాని పెట్టె మూతపడలేదు. తొక్కింది నేనే.

ఈ హడావుడి అంతా నానమ్మ గుమ్మంలో కూర్చుని చూసింది. బయలుదేరే రోజు పొద్దున తన పాత చీర చెంగుతో కుట్టిన చేతిసంచీ ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేసింది. "ఆ ఇనప్పెట్టె మీది. ఈ సంచీ నాది. నాలుగు దినాలకి ఇది సాలు" అంది. చూస్తే ఎగతాళి సంచీయే. రెండు జతల బట్టలు, తువ్వాలు, పలచని బొంత, చెంబు, దువ్వెన, మందుసీసాలో కొబ్బరినూనె, సగం అరిగిన సబ్బు. నాలుగు రోజులకి కొత్త సబ్బు దండగట. ఒక పొట్లంలో రోజుకొకటి చొప్పున నాలుగు సున్నుండలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లోనే వదిలేద్దామనుకున్నాను. "పెద్దావిడ ఇచ్చింది, సర్టిఫికెట్లు అందులో పెట్టుకో" అని అమ్మ బతిమాలితే భుజానికి తగిలించుకున్నాను.

సెలవులో ఉన్నా నాన్న ఆ రోజు తెల్ల యూనిఫారమే వేసుకున్నాడు. కూతుర్ని యూనివర్సిటీలో చేర్చడానికి వెళ్తూ అంతకంటే మంచి బట్టలు తనకి లేవన్నాడు. ప్లాట్‌ఫారం మీదికి ఆయన తోటి గార్డులు నలుగురైదుగురు వీడ్కోలు చెప్పడానికి వచ్చారు. కబుర్లలో పడ్డాడు. పెట్టెలు మోసే ముసలాయన వచ్చి, రిక్షావాడు దించి వెళ్లిన మా పెట్టెను చూసి, "చఢా దౌం సాహెబ్?" అని అడిగాడు. ఎక్కించేయనా అని. నాన్న వెనక్కి తిరక్కుండానే "హాఁ హాఁ, చఢా దే" అన్నాడు. ముసలాయన పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లాడు. మేమిద్దరం పాసింజరెక్కి, అమ్మకి చెయ్యూపి, దర్జాగా కూర్చున్నాం.

ఆరంగ్ దాటి మహానది వంతెన మీదికి వచ్చేదాకా నాకు ఏడుపే. నది వెనకపడేసరికి కాస్త తేరుకున్నాను. మహాసముంద్‌లో టీ అమ్మేవాడు కిటికీ దగ్గరికొచ్చాడు. మట్టి కుల్హడ్‌లో టీ తాగడం నాన్నకి నచ్చదు.

"పెట్టెలోంచి గ్లాసులు తియ్యమ్మా" అన్నాడు.

"పెట్టె ఎక్కడుంది నాన్నా?"

"ఎక్కడుంటుంది, బ్రేక్‌లో..." అని ఆగిపోయాడు.

ఆయన మొహం అంత తెల్లబోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ముసలాయన తప్పేం లేదు. యూనిఫారంలో గార్డున్నాడు, గార్డు పేరున్న పెట్టె ఉంది, అవతలి లైన్లో గూడ్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఇన్నేళ్లుగా చేస్తున్న పనే చేశాడు. నాన్న దిగి స్టేషన్ మాస్టరు గదిలోకి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను. కంట్రోల్ ఫోన్లో అవతలివైపు మనిషి నవ్వడం బయటికి వినపడుతోంది. మా పెట్టె గూడ్సు బ్రేక్ వ్యాన్‌లో దుర్గ్ వైపు పోతోంది. అంటే మేం తూర్పుకి, ఆవకాయ పడమరకి. పెట్టెను డోంగర్‌గఢ్‌లో దింపుతారట. "పెట్టె అక్కడుంటే నువ్వు మహాసముంద్‌లో ఏం చేస్తున్నావ్ భాయ్?" అని వాళ్లకి ఆశ్చర్యం.

నాన్న ఫోన్ పెట్టేసి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. మా బండికి ఇంకా సిగ్నల్ పడలేదు.

"చలో అమ్మా, వెనక్కి పోదాం. అవతలి బండి వస్తది ఇప్పుడే. పెట్టె తీసుకుని రేపో ఎల్లుండో పోదాం" అన్నాడు.

"రేపే కదా నాన్నా చేరడానికి ఆఖరు రోజు."

"మాలూమ్. కానీ పరుపు లేకుండా, గిన్నె లేకుండా ఎలా వదిలేస్తాను నిన్ను? పెట్టె లేకుండా గార్డు బండెక్కడు. అది కాయిదా."

ఆయన నిజంగానే చెప్తున్నాడు. ఆ మనిషి జీవితమంతా ఆ రూలు మీదే నడిచింది. నాకేమో నానమ్మ మొహం కళ్లముందు ఆడుతోంది. నాలుగు రోజులు కూడా కాదు, నాలుగు గంటలకే తిరిగొచ్చిందని జన్మంతా చెప్పుకుంటుంది. నాన్న ఇచ్చిన మాట మాటే. సీటు పోతుంది, గడప మూసుకుపోతుంది. నేను ఎప్పుడూ నాన్నకి ఎదురు చెప్పలేదు. ఆ రోజు నానమ్మ సంచీ గట్టిగా పట్టుకుని చెప్పాను.

"మీరు గార్డు, నాన్నా. నేను పాసింజర్ని. నాకు ఈ సంచీ చాలు."

ఆయన నన్ను చూశాడు, సంచీని చూశాడు. అందులో ఏముందో విప్పి చూపించమన్నాడు. బొంత, చెంబు, సబ్బుముక్క, అన్నీ చూశాడు. అప్పటికి సిగ్నల్ పడింది. "మా అమ్మ సర్దితే ఇంకేం తక్కువుంటుందిలే, ఎక్కు" అన్నాడు. బండి కదిలాక చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు. టీ కుల్హడ్‌లోనే తాగాడు.

మర్నాడు నన్ను చేర్పించి, హాస్టల్ గేటు దగ్గర వదిలి ఆయన వెళ్లిపోయాడు. చేతిసంచీతో వచ్చిన పిల్లని చూసి వార్డెన్ చుట్టపుచూపుగా వచ్చాననుకుంది. నా గదిలో విజయనగరం అమ్మాయి ఒకతె ఉండేది. దాని పరుపు మీద సగం నాకిచ్చింది. బకెట్ కావాల్సి వచ్చి "బాల్టీ ఇవ్వవా" అంటే పడీపడీ నవ్వి, అయినా ఇచ్చింది. కంచం ఎదురుగది పిల్లలది, దిండు ఆ పక్కగది వాళ్లది. సామానంతా దగ్గరుంటే నేను ఆ మొదటి వారం పెట్టె మీద కూర్చుని, జంతికలు తింటూ, గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని. ఏమీ లేకపోబట్టి ప్రతి గది తలుపూ తట్టాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి హాస్టల్లో నాకు తెలియని మొహం లేదు. సున్నుండలు మూడు తిన్నాను. నాలుగోది తినబుద్ధి కాలేదు. అది అయిపోతే నానమ్మ గడువు అయిపోయినట్టే అనిపించేది. రాత్రిళ్లు పొట్లం విప్పి వాసన చూసి మళ్లీ కట్టేసేదాన్ని.

పెట్టె రెండు వారాలకి వచ్చింది. దాన్ని పార్సిల్ చేయాలని ఎవరికీ తోచలేదు. గార్డు పెట్టె కాబట్టి గార్డులే ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి, డోంగర్‌గఢ్ నుంచి రాయపూర్, అక్కణ్ణించి టిట్లాగఢ్, రాయగడ మీదుగా, ఎవరి హద్దు వరకు వాళ్లు తీసుకొచ్చారు. ఆఖరికి ఎవరో విశాఖ గార్డుగారు రిక్షాలో వేసుకొచ్చి, "మా రాయపూర్ గార్డు గారమ్మాయి ఎవరమ్మా?" అని గేటు దగ్గర కేకేశారు. తాళం లేదు కదా, జంతికల డబ్బా దారిలోనే ఖాళీ అయింది. కానీ ఖాళీగా రాలేదు. ఎవరో వేయించిన శనగలు పోశారు, ఎవరో బెల్లం అచ్చు పెట్టారు, ఎవరో చిన్న సీసాతో ఉసిరికాయ పచ్చడి పెట్టారు. ఆవకాయని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని మా హాస్టల్ వరండాలో పిల్లలంతా నాలుగు రోజుల్లో ఊడ్చేశారు. పక్కింటి బిలాస్‌పూర్ ఆవిడకి ఈ మాట తప్పకుండా చెప్పమని అమ్మకి కార్డు రాశాను. ఆ సాయంత్రమే నాలుగో సున్నుండ విరిచి విజయనగరం అమ్మాయికి సగం పెట్టాను.

దసరాకి ఇంటికి వస్తే గుమ్మంలోనే నానమ్మ అడిగింది. "నా సంచీ తెచ్చేవేటే గుంటా?" తెచ్చానన్నాను. లోపల చెయ్యి పెట్టి అంతా తడిమి చూసుకుని, "సబ్బుముక్క ఏటయింది?" అంది. అరిగిపోయిందన్నాను. ఆ తర్వాత నేను చదువైపోయి ఉద్యోగంలో చేరేదాకా ఆవిడ కాలనీ అంతా చెప్పుకు తిరిగింది, తన సంచీయే లేకపోతే గుంట సదువు మహాసముంద్‌లోనే ఆగిపోయేదని. తను పెట్టిన నాలుగు రోజుల గడువు సంగతి ఆవిడకి అసలు గుర్తున్నట్టే కనపడలేదు. నాన్న కూడా గుర్తుచేయలేదు.

ఇదంతా విని మా అమ్మాయి నవ్వీనవ్వీ సూట్‌కేసు మీద వాలిపోయింది. నేను బీరువా అడుగున ఉన్న ఆ సంచీ తీశాను. రంగు వెలిసిందేగాని కుట్టు చెక్కుచెదరలేదు. అందులో రెండు జతలు, తువ్వాలు, సబ్బు, సున్నుండల పొట్లం పెట్టాను. "మమ్మీ, ఇది కూడానా? రూమ్మేట్లు నవ్వుతారు" అంది అమ్మాయి. "నవ్వనీ. నాలుగు రోజుల్లో తిరిగొచ్చేస్తావు కదా, అందాకా ఇది చాలు" అన్నాను. సరదాకే అన్నాను. కానీ మాట పూర్తయ్యేసరికి నేను వంటింట్లోకి వెళ్లిపోవాల్సి వచ్చింది. నానమ్మ ఆ మాట ఎంత ఆశతో అందో నాకు అప్పుడు తెలిసింది. నాలుగు రోజులకని ఆవిడ సర్ది ఇచ్చిన సంచీ నాకు ఇంతకాలం సరిపోయింది.