వలపటి ఎద్దు

పక్షవాతం వచ్చి నా భార్య కుడివైపంతా పడిపోయింది. కాలు కొంత కోలుకుంది. మాట ముక్కలు ముక్కలుగా తిరిగి వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు ఆడించమని వైద్యుడు ఇచ్చిన రబ్బరు బంతిని ఎడమచేత్తో తీసి గోడకేసి కొట్టేది. వ్యాయామం చేయించడానికి కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చే అతను ఒకరోజు నన్ను గేటు దాకా పిలుచుకుపోయి, "వచ్చేదుంటే మొదటి నెలలల్లనే వస్తది సార్. తర్వాత ఎంత గుంజినా రాదు" అన్నాడు. ఆ రోజు డైరీలో వాన సంగతి, కూరగాయల సంగతి రాశాను. ఆ మాట రాయలేకపోయాను.

శ్రావణం సగమయ్యాక ఆమే నోరు తెరిచి అడిగింది. "ఎడ్లు... చెయ్యాలె."

ఆమె పుట్టిల్లు ఖానాపూర్ వైపు. పొలాల అమావాస్య నాడు అక్కడ ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి ఊరేగిస్తారు. ఎడ్లు లేని ఇంట్లో బొమ్మల జతను పీట మీద నిలిపి నైవేద్యం పెడతారు. అందరూ మట్టితో చేస్తే మా అత్తగారు మక్క కంకుల మీది పొరలతో చేసేది. అందులో ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. కాడికి కుడివైపు నడిచే వలపటి ఎద్దును కుడిచేత్తో, ఎడమవైపు నడిచే దాపటి ఎద్దును ఎడమచేత్తో చుట్టాలి. చెయ్యి మారితే అది జత కాదు. ఏటా నా భార్య ఎడమచేత్తో చుట్టిన ఎద్దు కాస్త వంకరగా వచ్చేది. దాన్నే ఎక్కువ ముద్దు చేసేది.

ఆ పూటే సంచి పట్టుకొని బస్టాండు దగ్గర కంకులు కాల్చి అమ్మే ఆమె బండి దగ్గరికి వెళ్లాను.

"ఏం సారూ, బర్రెను కొన్నవా? గింత పొట్టు ఏం జేస్తవ్?"

"ఎడ్లను చేస్తాం."

"ఎడ్లు పొట్టు తింటయని తెలుసు. పొట్టే ఎడ్లు అయితదా?" అని నవ్వి, లోపలి తెల్లని పొరలను ఏరి సంచిలో వేసింది.

జమ్మికుంట రోడ్డు పక్కన చేను గట్టు మీద పడేసిన పత్తికట్టె కాళ్లకు. జంటగా మొలిచే తుమ్మముళ్లు కొమ్ములకు. మూపురానికి కుంకుడుకాయ, కళ్లకు గురిగింజలు. దారం నా భార్య పాత చీర అంచులోంచి లాగాను. అన్నీ వేర్వేరు డబ్బాల్లో సర్దాను. నా చేతనైంది అదొక్కటే.

దాపటి ఎద్దును ఆమె మోకాళ్ల మధ్య నొక్కిపట్టి ఎడమచేత్తో చుట్టేసింది. వలపటి దాని దగ్గర ఆగిపోయాం. కుడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం పెట్టేవాణ్ణి. జారిపోయేది. మళ్లీ పెట్టేవాణ్ణి. బంతిని విసిరికొట్టిన మనిషి దీనికి మాత్రం జాకెట్టు తడిసేదాకా కూర్చునేది. ఈ ఎద్దు పని కాకపోతే ఆ చెయ్యి ఇక రాదని నా మనసులో పడిపోయింది. తినేటప్పుడు కూడా ఆ వేళ్లనే చూసేవాణ్ణి.

పండుగ ముందురోజు ఖానాపూర్ నుంచి మరదలు వచ్చింది. పీట మీద ఒంటరి ఎద్దును చూసి, "ఫికర్ ఎందుకక్కా, వలపటి ఎద్దు బావ ఉండనే ఉన్నడు గద. కొమ్ములు గట్టి పీట మీద కూసోవెట్టు" అంది. నా భార్య వంకరపోయిన మూతితో నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చిందేమో, మరదలు డబ్బాల వైపు చెయ్యి చాపింది.

"తే, నేను జర చుట్టిస్త."

"ముట్టకు."

జబ్బు పడ్డాక అంత స్పష్టంగా వచ్చిన మాట అదే.

అమావాస్య పొద్దున నేను ఆగలేకపోయాను. ఆమె వేళ్లను దారం మీద మూసి, పైన నా చెయ్యి బిగించి తిప్పాను. ఆమె వద్దనలేదు. ఎద్దు తయారైంది. నిటారుగా, నాలుగు కాళ్లూ సమానంగా నిలబడింది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది నీది" అంది.

"ఎవలదైతేంది అక్కా, పండుగ గడుస్తది గద" అని మరదలు బతిమాలింది.

నా భార్య ఎడమచేత్తో ముడి వెతికి విప్పింది. పొరలు, కట్టెలు, ముళ్లు ఒడిలో రాలాయి. ఆ తర్వాత దాపటి ఎద్దును కూడా పీట మీద నుంచి తీసేసింది. మరదలు నైవేద్యం గిన్నెను పట్టుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల ముక్కు చీదుకోవడం వినబడింది.

దారం కొస ఒకటి ఆమె కుడివేళ్ల మధ్య ఉండిపోయింది. పట్టుకుందా, చిక్కుకుందా? మెల్లగా లాగాను. ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది. ఆమె తల ఎత్తలేదు.

"మల్ల పెట్టు" అంది.

ఇక ఆ ఎద్దును నిలపడానికి పండుగ లేదు. అయినా పెట్టాను. జారింది.