పిడికిట్లో యాదమ్మక్క కొంగు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుండేవాళ్లం. నాకు ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్లు నొప్పుల జబ్బు. ఎవరు ముట్టుకున్నా ఒళ్లు నొప్పే. పంటికి మత్తు ఇంజెక్షనూ ఓ పట్టాన పనిచేయదు. "అంతా మీ భయమే" అనేవారు డాక్టర్లు.

బంద్ రోజే పన్ను నొప్పి భరించలేనంత అయింది. ఊరేగింపుకు బయల్దేరిన ఇంటి ఓనరు యాదమ్మక్క నన్ను చూసి ఆగిపోయి, వీధి చివరి క్లినిక్‌కి తీసుకెళ్లింది. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, వెంటనే పటకారు పెట్టాడు. గట్టిగా అరిచాను.

"జర ఆగు సారూ, పిల్లకు ఇంకా మత్తెక్కలే" అంది యాదమ్మక్క.

అంతలో ఊరేగింపు వచ్చింది. బంద్ రోజు క్లినిక్ తెరిచామని గొడవవుతుందేమోనని డాక్టరు షట్టర్ దించేసి, అది వెళ్లేదాకా పని ఆపాడు.

"చెయ్యి పట్టుకుంటే నీకు నొస్తది గద. గీ కొంగు పట్టుకో" అంది అక్క. బిగించి పట్టుకున్నాను. బయట నినాదాలు. మసక వెలుతురులో చూస్తే అక్క కూడా చప్పుడు లేకుండా, పెదవులతోనే వాటిని పలుకుతోంది.

ఊరేగింపు దాటేసరికి నా పెదవి మొద్దుబారింది. పన్ను పీకినా తెలియలేదు.

ఇప్పుడు ఏ పంటి డాక్టరు దగ్గరైనా "మత్తెక్కేదాకా కాసేపు ఆగండి" అని నేనే ధైర్యంగా చెబుతాను. చెయ్యి మాత్రం కుర్చీ పక్కన కొంగు కోసం తడుముతుంది.