ఫారంలో ఒక్క గడి

మాచర్ల నుంచి వచ్చే బస్సులో ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టాను నేను. కారంపూడిలో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట. పోలీసు విచారణ ఫారం ఒళ్లో పెట్టుకుని ఒకే గడి దగ్గర ఆగిపోయాడు.

“తాతా, నిరుడు తాగి బండి నడుపుతుంటే పట్టుకున్నారు. స్టేషన్లో కాసేపు కూర్చోబెట్టారు, కోర్టులో జరిమానా కట్టా. ఎప్పుడైనా అరెస్టయ్యావా, శిక్ష పడిందా అని ఇక్కడ అడుగుతున్నారు. ఏం రాయాల?”

“ముప్పై ఏళ్లు కోర్టు గుమాస్తాగా చేశా. జరిమానా కూడా శిక్షే, రికార్డులో ఉంటది. ఉన్నది రాయి. దాస్తేనే ఉద్యోగం పోద్ది,” అన్నాను.

గుమాస్తానన్నది కోత. కోర్టు గేటు ముందు స్టాంపు కాగితాలు అమ్మేవాణ్ణి. అతను మాత్రం నమ్మి, దణ్ణం పెట్టి నరసరావుపేటలో దిగిపోయాడు.

మొన్న ఈ సంగతి పొరుగువాళ్లకు చెబుతుంటే, మిరపకాయల తొడిమలు తీస్తున్న మా ఆవిడ తలెత్తింది. ఆ రోజు తను మా వెనక సీట్లోనే ఉంది.

“ఉన్నది రాయమని ఎప్పుడన్నావయ్యా? జరిమానా కడితే అయిపోయినట్టే, లేదని రాయి అన్నావు. దాస్తే పోద్దని తర్వాత ప్లీడరు చెబితేగా నీకు తెలిసింది! ఆ పిల్లోడు నీ పెన్నుతోనే లేదని రాశాడు.”